ఘన్‌పూర్‌ను ఏ అక్షరం కింద వెతకాలి?

కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు జనగామ చేరకముందే ఘన్‌పూర్‌లో ఆగుతుంది. ఊరిని మాత్రం అందరూ స్టేషన్ ఘన్‌పూర్ అనే పిలుస్తారు. పాత వరంగల్ జిల్లాలోనే, ములుగు వైపు, కాకతీయుల కాలపు కోటగుళ్లున్న ఘన్‌పూర్ ఇంకొకటి ఉంది మరి. అందుకే సర్కారు జాబితాల్లో ఒకటి ఘన్‌పూర్ (స్టేషన్), రెండోది ఘన్‌పూర్ (ములుగు). అంటే కాగితం మీద ఈ ఊరిని 'ఘ' కింద వెతకాలి, జనం నోట్లోనేమో 'స' కింద.

ఇలాంటి పేర్లను ఎక్కడ వెతకాలో చెప్పేది సూచిక. దాని గురించే తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లకు తరచూ తట్టే ఆలోచన ఒకటుంది. అచ్చయిన విజ్ఞాన సర్వస్వం చివర ఉండే అకారాది సూచికను ముందేసుకుని, అందులో ఉండి మన దగ్గర లేని వ్యాసాలేవో రాసుకుంటే ఏళ్ల పని కళ్ల ముందు పరుచుకుంటుంది. మరి ఆ సూచిక ఎవరి సొత్తు?

మొదటి ఆధారం అమెరికాలోని కాన్సాస్‌లో దొరుకుతుంది. రూరల్ అనే టెలిఫోన్ కంపెనీ డైరెక్టరీలోని 1,309 పేర్లు ఫీస్ట్ అనే ప్రచురణ సంస్థ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కనిపించాయి. వాటిలో నాలుగు, ఎవరైనా ఎత్తుకుపోతే పట్టుకోవడానికి రూరల్ కావాలని చేర్చిన లేని మనుషుల పేర్లు. కాపీ జరిగిందని తేలిపోయింది. అయినా 1991లో అక్కడి సుప్రీంకోర్టు రూరల్‌కు హక్కు లేదంది. పేర్లను అక్షర క్రమంలో పేర్చడంలో శ్రమ ఉంది గానీ సృజన లేదని తేల్చింది.

ఇక్కడితో చిక్కు వీడిందనుకుంటే పొరపాటే. మన 1957 కాపీరైట్ చట్టం సంకలనాలను కూడా సాహిత్య రచనలుగానే లెక్కిస్తుంది. ఈ ముడిని 2007 డిసెంబరులో మన సుప్రీంకోర్టు విప్పింది. కోర్టు తీర్పులు అచ్చువేసే ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో, ఆ తీర్పుల మూలపాఠం మీద ప్రచురణకర్తకు హక్కు లేదంది. పేరాలు విడదీసి అంకెలు వేయడంలాంటి, సంపాదకుడు బుర్ర పెట్టి చేసిన పనికి మాత్రం రక్షణ ఇచ్చింది.

ఆ వెలుగులో మళ్లీ సూచిక తెరుద్దాం. 'ఘన్‌పూర్' అన్న పేరు ఎవరిదీ కాదు. వేల ఊళ్లలోంచి దీన్నే ఎందుకు తీసుకున్నారు, 'స' దగ్గర వెతికేవాడి కోసం 'చూ. ఘన్‌పూర్' అని ఎందుకు దారి చూపారు అన్నది మాత్రం ఒక మనిషి తీసుకున్న నిర్ణయం. ఆ చిన్న 'చూ.' వెనక ఎంత చదువు ఉంటుందో నాకు తెలుసు. దాన్ని మొత్తంగా ఎత్తి తెచ్చుకోవడం నాకు మనసొప్పదు.

గడువు తీరినవి వేరు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం కూర్చిన కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూశారు. రచయిత పోయాక హక్కు 60 ఏళ్లే కాబట్టి ఆయన రాసింది ఇప్పుడు అందరిదీ. బతికున్నవాళ్ల సూచికలను నాలుగైదు పుస్తకాలతో సరిచూసుకోవడానికే వాడుకుని, జాబితా మాత్రం మనమే కట్టుకోవాలి.

2016 అక్టోబరు 11న స్టేషన్ ఘన్‌పూర్ వరంగల్ నుంచి జనగామ జిల్లాకు మారింది. పాత సూచికను యథాతథంగా దించుకున్న జాబితాలో అది ఇంకా వరంగల్‌లోనే ఉంటుంది. కాన్సాస్‌లోని ఆ నాలుగు పేర్లలాగే, ఆ జాబితా ఎక్కడిదో ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది.