కన్ను తెరిచిన తరువాత



మార్కు సువార్త 8వ అధ్యాయంలోని బేత్సయిదా గ్రుడ్డివాని సంగతి మీరెరుగుదురు. ప్రభువు మొదట ముట్టినప్పుడు వానికి మనుషులు నడిచే చెట్లలా అగుపించారు. రెండవసారి చేతులుంచిన తరువాతే తేటగా చూశాడు. ఒక్కసారికే ఎందుకు బాగుచేయలేదని సండే స్కూలు పిల్లలు సైతం అడుగుతారు. దానికి వైద్యుల దగ్గర జవాబుందని నేననను. అయితే కన్ను తెరవడం వేరు, చూడడం వేరు అన్న సంగతి ఎలా బయటపడిందో మీతో చెప్పాలని ఆశ.

1688లో డబ్లిన్ నగరవాసి విలియం మాలినూ, తత్వవేత్త జాన్ లాక్‌కు ఒక ప్రశ్న పంపాడు. (మాలినూ భార్య పెళ్లయిన కొద్దికాలానికే చూపు పోగొట్టుకున్నది, ప్రశ్న ఊరకే పుట్టలేదనుకుంటాను.) పుట్టు అంధుడొకడు బంతిని, నలుపలకల దిమ్మను చేతితో తడిమి గుర్తుపడతాడు. అతనికి హఠాత్తుగా చూపు వస్తే, ముట్టకుండానే ఏది బంతో, ఏది దిమ్మో చెప్పగలడా? చెప్పలేడనే ఇద్దరూ తలంచారు.

లండన్ శస్త్రవైద్యుడు విలియం చెసెల్డెన్ 1728లో ఒక బాలుని వృత్తాంతం ప్రకటించాడు. ఊహ తెలియకముందే చూపు పోయిన అతనికి పదమూడేళ్ల ప్రాయంలో శుక్లానికి చికిత్స జరిగింది. కట్లు విప్పాక కనబడేవన్నీ తన కళ్లకు తగులుతున్నాయనుకున్నాడు! చేతికి తగిలితేనే వస్తువు అని ఎరిగినవాడు మరి. ఇంటి పిల్లి ఏదో, కుక్క ఏదో మాటిమాటికీ మరచిపోయేవాడు. అడగడానికి సిగ్గుపడి, ఒకరోజు పిల్లిని పట్టుకొని నిమిరి, దాని ముఖంలోకి తేరిపార చూసి, ఇక నిన్ను గుర్తుపడతానన్నాడట. గోడమీది చిత్రపటాలు రెండు నెలల వరకు అతనికి రంగుల మచ్చలే. అవి మనుషుల బొమ్మలని తెలిశాక తడిమి చూశాడు; చదునుగా తగిలాయి. అబద్ధమాడుతున్నది చెయ్యా, కన్నా అని అడిగాడు. ఆ ప్రశ్న చూపున్న మనకు ఎన్నడైనా తోచిందా?

మన దేశంలోనే పవన్ సిన్హా బృందం, చికిత్సతో చూపు పొందిన 8 నుండి 17 ఏళ్ల పిల్లలు ఐదుగురిని పరీక్షించి 2011లో ఫలితం ప్రకటించింది. చేతితో తడిమినదాన్ని కంటితో పోల్చలేకపోయారు. కొద్ది రోజుల్లోనే మెరుగుపడ్డారు. మాలినూ తలంపే నిజమైంది. మార్కు మాత్రం బేత్సయిదా మనిషిని పుట్టుగ్రుడ్డి అనలేదు. చెట్లను పోల్చాడు గనుక ఒకప్పుడు చూపున్నవాడేనని కొందరు పండితుల ఊహ.

పిల్లలకు ఇంత త్వరగా అబ్బినది పెద్దలకు కష్టం. ఇంగ్లండువాడైన సిడ్నీ బ్రాడ్‌ఫర్డ్‌కు 1958 చివర, 52 ఏళ్ల వయస్సులో చూపు వచ్చింది. అంతకుముందు కర్రతో జంకు లేకుండా రోడ్డు దాటినవాడు, వాహనాలు కనబడగానే భయపడ్డాడు. లండన్ మ్యూజియంలో, తాను ఎంతో ఇష్టపడే లేత్ యంత్రాన్ని అద్దం వెనుక చూపిస్తే ఏమీ బోధపడలేదు. అద్దం తీయించగా కళ్లు మూసుకొని ఆత్రంగా తడిమాడు. అప్పుడు కళ్లు తెరిచి, ఇప్పుడు కనబడుతోందన్నాడు. తరువాత దిగులులో కృంగి, 1960లో మరణించాడు. సాయంకాలం చీకటి పడ్డా చాలాసార్లు దీపం వెలిగించకుండానే కూర్చునేవాడట.