ఉద్దానంలో తడిసిన ఇళ్లు – ఆరబెట్టిన పద్ధతులు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంఘం పెద్దలు కోరారు. జమీందారీల చరిత్ర, ఉద్యమాల చరిత్ర రాయగల వారు మనలో చాలామంది ఉన్నారు. నేను అంతగా ఎవరూ పట్టించుకోని విషయం ఒకటి ఎంచుకున్నాను. తుపాను వచ్చినప్పుడు పడిపోయిన ఇళ్ల లెక్క సర్కారు కాగితాల్లో ఉంటుంది. పడిపోకుండా, తడిసి నిలబడ్డ ఇళ్లు ఎలా ఆరాయో ఎక్కడా రాసి ఉండదు. కాని మనలో చాలామంది కాపురాలు అటువంటి ఇళ్లలోనే గడిచాయి.

మా జలంత్రకోట నేడు కంచిలి మండలంలో ఉన్నది. పూర్వం జలంత్ర గంజాం జిల్లాలోని ఒక జమీందారీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలోని ఈ తెలుగు భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. జిల్లాలు మారినా నీటి దారి మారలేదు. పడమట మహేంద్రగిరి, తూర్పున సముద్రం. కొండ మీద కురిసిన వాన మహేంద్రతనయ మీదుగా బారువ వద్దకు, బాహుదా మీదుగా ఇచ్ఛాపురం వైపుకు దిగుతుంది. సముద్రం వైపు నుంచి గాలి వానను అడ్డంగా కొడుతుంది. అందుచేత మన ఇళ్లు మూడు విధాల తడుస్తాయి. పెంకులు లేచిపోయి పైనుంచి, వరద చేరి కిందనుంచి, ఉప్పుగాలి కొట్టి పక్కనుంచి.

1999 అక్టోబరులో గోపాలపురం వద్ద ఒక తుపాను, అదే నెలాఖరున పారదీప్ వద్ద మహా తుపాను తీరం దాటాయి. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాలపురం వద్ద, సరిగా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద దాటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస సమీపంలోనే దాటింది. గాలివేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరు పెట్టుకున్న గాలి ఉద్దానం కొబ్బరిని, జీడిని, పనసను నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కూడా కళింగపట్నం, గోపాలపురం మధ్యనే దాటింది. ఈ తేదీలు గమనించండి. దాదాపు అన్నీ అక్టోబరు నెలవే. అంటే ఇల్లు తడిసిన తరువాత వెంటనే మండుటెండ రాదు. ఇంకా వానలు, ముసురు, ఆ వెనుక మంచు వస్తాయి. మన ఇళ్లు ఆరడంలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది.

మా తాతల నాటి ఇల్లు మట్టిగోడ, తాటి దూలం, తాటాకు కప్పు. వీధికన్నా ఎత్తుగా అరుగు. వాన వెలిసిన మరునాడు ఇంట్లో ఆడవారు మొదట చేసే పని సామాను ఎత్తడం. ధాన్యం, బట్టలు, దస్తావేజుల పెట్టె అటక మీదికి పోయేవి. తరువాత బురద తీసి, నేల మీద పొడి ఇసుక పోసేవారు. ఇసుక చెమ్మను పీల్చాక ఊడ్చి, మళ్లీ కొత్తది పోసేవారు. కప్పులో కుళ్లిన ఆకు తీసి కొంత మేర తెరిచి ఉంచేవారు. గోడ అడుగు మెత్తబడితే వాసాలతో ఊతం పెట్టేవారు. కుంపటిలో కొబ్బరి చిప్పలు, పిడకలు రాజేసి గది గదికీ తిప్పేవారు. గోడ ఆరిన తరువాతనే మట్టి మెత్తి, పేడతో అలికి, చివరకు సున్నం కొట్టేవారు. ఈ వరుసను ఎవరూ తప్పేవారు కారు. సున్నానికి ఘాటైన క్షారగుణం ఉన్నది గనుక బూజు తగ్గేది. పైగా సున్నపు పూత గోడలోని చెమ్మను బయటకు పోనిస్తుంది. శాస్త్రం చదవకపోయినా వారి పద్ధతి శాస్త్రానికి సరిపోయింది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన తరువాత రాష్ట్రంలో గట్టి ఇళ్ల అవసరం అందరికీ తెలిసివచ్చింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. క్రమంగా తాటాకు ఇళ్ల స్థానంలో స్లాబు ఇళ్లు వచ్చాయి. గాలికి ఎగిరిపోని కప్పు ఎన్నో ప్రాణాలను నిలిపింది. దానిని తక్కువ చేసి మాట్లాడరాదు. అయితే ఇటుకగోడకు రెండు వైపులా సిమెంటు పూసి, దానిపై ఆయిలు రంగు వేస్తే, లోపలికి చేరిన నీరు బయటకు వచ్చే దారి లేక నెలల తరబడి అందులోనే ఉంటుంది. రంగు పొక్కులు లేవడం, గోడ అడుగున తెల్లని ఉప్పు ఉబకడం దాని గుర్తులే. సముద్రపు ఉప్పు చేరిన గోడకు మరో చిక్కు ఉన్నది. ఆ ఉప్పు గాలిలోని తేమను మళ్లీ మళ్లీ పీల్చుకుంటుంది.

ఇతర దేశాల్లో ఈ పని ఒక వృత్తి అయింది. దాని మూలం, గుమాస్తా అయిన నాకు ముచ్చట కలిగించే విధంగా, కాగితంలోనే ఉన్నది. 1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్ పేటలో ఒక ముద్రణాలయంలో చెమ్మకు కాగితం సాగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడేవి కావు. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు గాలిని చల్లని గొట్టాల మీదుగా పంపి, అందులోని తేమను నీరుగా దించే ఏర్పాటు చేశాడు. నేటి ఏసీ మిషను, డీహ్యూమిడిఫైయరు రెండూ ఆ సూత్రం మీద నడిచేవే. 1972లో అమెరికాలో తివాచీలు శుభ్రపరిచే వారి కోసం ఏర్పడిన సంస్థ, తడిసిన భవనాలను ఆరబెట్టడానికి 1994లో ఎస్-500 అనే ప్రమాణ గ్రంథం ప్రచురించింది. అందులో నీటిని మూడు తరగతులుగా విభజించారు. కుళాయి నీరు మొదటిది, వాడిన నీరు రెండవది, మురుగు, వరద నీరు మూడవది. మన ఇళ్లలోకి వచ్చేది ఎప్పుడూ మూడవదే. కనుక ఆరబెట్టడానికి ముందు కడగడం తప్పనిసరి.

అక్కడి పనివారు మొదట నీటిని తోడేస్తారు. తరువాత పెద్ద పంకాలతో గోడ వెంట గాలి వీచేటట్లు చేస్తారు. గోడ విడిచిన తేమను డీహ్యూమిడిఫైయరుతో పట్టి బయట పారబోస్తారు. రోజూ మీటరు పెట్టి గోడలో ఎంత చెమ్మ ఉన్నదో రాసుకుంటారు. ఈ రాసుకోవడమే వారి పద్ధతిలో నాకు మిక్కిలి నచ్చినది. కంటికి పొడిగా కనిపించే గోడ లోపల తడిగా ఉండవచ్చును. ఇంగ్లండులో గోడ మందంలో అంగుళానికి నెల చొప్పున ఆరుతుందని ఒక మోటు లెక్క ఉన్నది. మన ఎండకు కొంత త్వరగా ఆరవచ్చు గాని, తొమ్మిది అంగుళాల గోడ పదిరోజుల్లో ఆరిపోయిందనుకోవడం పొరపాటు.

ఆ యంత్రాలు మనకు పనికివస్తాయా అంటే, పూర్తిగా రావు. పెంకుటింట్లో గాలిని బంధించలేము. తిత్లీ తరువాత మన ఊళ్లకు రోజుల తరబడి కరెంటే లేదు. కాని ఆ సూత్రం పనికివస్తుంది.

ఇక నా మనసులోని అసలు మాట. నేను ఉద్యోగంలో ఉండగా తుపాను నష్టాల జాబితాలు అనేకం నా చేతితో రాశాను. పూర్తిగా పడిన ఇల్లు, తీవ్రంగా దెబ్బతిన్న ఇల్లు, పాక్షికంగా దెబ్బతిన్న ఇల్లు అని గడులు ఉండేవి. పాక్షికమనడానికి కనీసం 15 శాతం దెబ్బతినాలన్నది విపత్తు సహాయ నిబంధన. లెక్క జరిగే వారంలో గోడ నిలిచే ఉంటుంది. తరువాత ఆరుతూ ఆరుతూ బీటవారి, నెలకో రెండు నెలలకో కూలుతుంది. అప్పటికి జాబితా మూసివేసి ఉంటుంది. ఆ చెమ్మ గదిలోనే ముసలివారు, పసిపిల్లలు పడుకుంటారు, దగ్గు ఆయాసం పడతారు. అందుచేత నెల తరువాత రెండవసారి తనిఖీ ఉండాలని, బురద తీయడానికి, ఆరబెట్టడానికి కొంత కూలి సాయం ఇవ్వాలని మన సంఘం వినతిపత్రం ఇస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

పెద్దలకు కొన్ని సూచనలు. మొదట మెయిన్ స్విచ్ తీయించి, తడిసిన బోర్డులను ఎలక్ట్రీషియను చూసిన తరువాతనే వాడండి. వాన లేని రోజున పొద్దెక్కిన తరువాత తలుపులు, కిటికీలు తెరిచి, పొద్దు వాలేసరికి మూయండి. రాత్రి మంచుగాలి గోడను ఆరనివ్వదు. బీరువాలు, మంచాలు గోడకు జానెడు దూరం జరపండి. మూసిన గదిలో కుంపటి పెట్టి నిద్రపోవద్దు. దాని విషవాయువు ప్రాణం తీస్తుంది. గోడ ఆరిందో లేదో తెలియాలంటే, అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి మరునాడు చూడండి. లోపలివైపు నీటి చెమరింపు ఉంటే ఇంకా ఆరలేదన్నమాట. అంతవరకు సిమెంటు, రంగు జోలికి పోవద్దు. పి.పి.ఓ. పుస్తకం, దస్తావేజులు తడిస్తే ఎండలో వేయకండి, అట్టలు వంకర పోతాయి. పుటల మధ్య పొడి వార్తాపత్రికలు పెట్టి, మారుస్తూ, నీడలో గాలికి ఆరనివ్వండి.

ప్రతి అక్టోబరుకు ముందు అరుగు బాగుచేసుకుని, పెంకు సర్దుకుని, అటక ఖాళీగా ఉంచుకుందాం. వచ్చిన నీరు ఎంత ఎత్తు వరకు వచ్చిందో గోడ మీద తేదీతో సహా గీత గీసి ఉంచండి. మన తరువాతి వారు అరుగు ఎంత ఎత్తు కట్టాలో ఆ గీత చెబుతుంది.