రాతిబొరియలలో ఏనుగు జ్ఞాతి

ఆఫ్రికా ఖండపు దక్షిణాగ్రమున, కేప్‌టౌన్ నగరమునకు వెనుక కోటగోడవలె నిలిచియున్న టేబుల్ పర్వతముపై ప్రాతఃకాలమున సంచరించువారికి, రాతిపగుళ్లనుండి ఒక్కొక్కటిగా వెలువడి, ఒకదాని నొకటి ఒరసికొని ఎండ కాగుచుండెడి గోధుమవన్నె జంతువులు కానవచ్చును. బయటికి తోక కనబడదు, చెవులు గుండ్రనివి, బరువు నాలుగు కిలోలకు అటునిటు. అచ్చటివారు డాసీ యనియు, శాస్త్రజ్ఞులు హైరాక్స్ అనియు పిలుచు ఈ ప్రాణినే తెలుగు బైబిలు చదువరులు లేవీయకాండమున ‘పొట్టి కుందేలు’ అను పేర నెరుగుదురు. అయితే ఇది కుందేలు కాదు. నిజమునకు నెమరువేయునదియు కాదు. దవడల నూరక ఆడించు దీని యలవాటే ప్రాచీనులను భ్రమింపజేసినది కాబోలు.

ఆ భ్రమ పండితులను సయితము విడువలేదు. 1766లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున నున్న పీటర్ సైమన్ పల్లాస్ దీనిని గినీపందుల సరసన జేర్చి ‘కావియా కేపెన్సిస్’ అని నామకరణ మొనర్చెను. 1780లో స్టోర్ దీనిని వేరు ప్రజాతిగా నెంచియు, గినీపంది పేరునే ముందొక ఉపసర్గ తగిలించి ‘ప్రొకావియా’ యనెను. మూడేండ్లకు హెర్మన్ పెట్టిన ‘హైరాక్స్’ అను పేరునకు గ్రీకున చుంచెలుక యని యర్థము. చూచినవా రెల్లరును చర్మమునే చూచిరి గాని అస్థిపంజరమును విప్పి చూడరైరి. ఆ పని 1804లో పారిస్ నగరమున కువియే చేసెను. దవడపండ్లు ఖడ్గమృగపు పండ్లను పోలియుండుట గమనించి, కుందేలంతటి యీ జీవిని స్థూలచర్మ మృగముల పంక్తిలో కూర్చుండబెట్టిన యా సాహసము నాకు మిక్కిలి శ్లాఘ్యముగ తోచును.

దీని పాదమును దగ్గరగా పరికింపుడు. ముందుకాలికి నాలుగు వ్రేళ్లు, వెనుకకాలికి మూడు. గోళ్లు చిన్ని గిట్టలవలె మొద్దువారియుండును. వెనుక లోపలివ్రేలికి మాత్రము రోమములు దువ్వుకొనుటకు వంకరగోరు గలదు. రోమరహితమైన అరికాలు సదా చెమర్చియుండి నున్నని బండను అంటిపట్టుకొనును. ఇక కోరల మాట: అడవిపంది కోరలు రదనికలు, ఏనుగు దంతములవలె దీని కోరలు కుంతకములు, జీవితాంతము పెరుగుచునే యుండును. గినీపంది రెండు నెలలకు కొంచె మెక్కువగా గర్భము మోయగా, ఇది యేడు నెలలకు పైగా మోయును.

1869లో హక్స్లీ దీనికి ప్రత్యేక క్రమమునే కల్పించెను. 1945లో సింప్సన్ ఏనుగులను, సముద్రధేనువులను, వీనిని ఒక్క గుంపుగా కూర్చెను. ఆ చుట్టరికమును గత శతాబ్దాంతమున జన్యుపరీక్షలు బలపరచినవి. ఏనుగునకు తోబుట్టువనుట అతిశయోక్తియే యగును. జ్ఞాతి యనుట న్యాయము. ఈ వంశము పూర్వము అల్పమైనదియు కాదు. ఈజిప్టున ఫయూము నేలపొరలలో ఖడ్గమృగమంతటి హైరాక్సుల శిలాజములు లభించినవి.

శాస్త్రనామములలో మొదట పెట్టినదానికే ప్రామాణ్యము గనుక, వంశము తేలిన పిమ్మటను గినీపంది పేరు మోయుచున్న ‘ప్రొకావియా కేపెన్సిస్’ అను నామమే దీనికి నేటికిని చెల్లుచున్నది.