తాతగారి పిస్తోలుకి మెరుగు పెట్టవచ్చా?

తాతగారి భోషాణం సర్దుతుంటే అడుగున, గుడ్డలో చుట్టిన జేబు పిస్తోలు ఒకటి దొరికిందనుకోండి. పొడవు జానెడైనా లేదు. గొట్టం గోధుమరంగుకి తిరిగింది. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమి, గరుకు కాగితంతో రుద్దేస్తే తళతళలాడుతుందని మీకు అనిపించవచ్చు. కాస్త ఆగండి!

ముందుగా ఒక హెచ్చరిక. ఇలాంటివాటిలో మందూ గుండూ గొట్టం మూతి నుంచే దట్టించేవారు. ఎప్పుడో దట్టించింది లోపలే ఉండిపోవచ్చు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన ఆ మందు తడి తగలకపోతే వందేళ్లయినా పేలగలదు. కాబట్టి మీరు ముట్టుకోకండి. పెద్దవాళ్ల ద్వారా పోలీసులకు తెలియజేయండి. 1959 నాటి ఆయుధాల చట్టం పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది కానీ, మరమ్మతు చేసినా పేలని వాటికే.

ఇక ఆ మరకల సంగతి. 19వ శతాబ్దం మొదట్లో తుపాకులు చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలేవి. ముందు మెరుపు, ఆ తర్వాత గుండు. ఈలోగా పిట్టలు ఎగిరిపోయేవి! వేట సరదా ఉన్న స్కాట్లండ్ మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్‌కి ఇది చిరాకు తెప్పించింది. దెబ్బ తగిలితేనే పేలే ఫల్మినేట్ రసాయనాలను ఉపయోగించి 1807లో ఆయన పేటెంటు పొందాడు. తర్వాత ఆ రసాయనాన్ని చిన్న రాగి టోపీలలో పెట్టి, గొట్టం వెనక ములుకుకి తొడగడం వచ్చింది. అందులో పొటాషియం క్లోరేట్ కూడా కలిపేవారు. పేలగానే అది పొటాషియం క్లోరైడ్ అవుతుంది. అంటే ఒక రకం ఉప్పే. ఉప్పు చెమ్మను పట్టి ఉంచుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. ములుకు చుట్టూ సన్నని గుంటలు కనబడ్డాయా? పిస్తోలు పేలిందనీ, పేల్చినవారు సరిగా కడగలేదనీ అనుమానించవచ్చు.

గొట్టం మీది గోధుమరంగు మాత్రం నిర్లక్ష్యం ఫలితం కాకపోవచ్చు. ఆనాటి పనివాళ్లు ఆమ్లద్రావణం పూసి, కావాలనే పలుచగా తుప్పు పట్టించి, రుద్ది, మళ్లీ పూసి ఆ రంగు తెచ్చేవారు. గరుకు కాగితంతో మీరు చెరిపేసేది వారి పనితనాన్నే!

1865లో అబ్రహాం లింకన్‌ను బలిగొన్నదీ ఇలాంటి జేబు పిస్తోలే. వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్ మ్యూజియంలో ఉన్నది అసలుది కాదనీ, దాన్ని ఎవరో మార్చేశారనీ పుకారు పుట్టింది. 1997లో ఎఫ్.బి.ఐ. ప్రయోగశాల దాన్ని 1930ల నాటి ఫొటోలతో పోల్చింది. కర్రలో పగులు, చెక్క నారల సుడి, లోహం మీది గుంటలు సరిపోయాయి. అసలుదేనని తేలింది. ఎవరైనా ముచ్చటపడి దాన్ని నున్నగా సాపుచేసి ఉంటే పోల్చడానికి ఏం మిగిలేది?

అందుకే సంరక్షకులు ఊడివచ్చే ఎర్రతుప్పునే తీస్తారు, గట్టిగా అంటుకున్న నల్లపొరను ఉంచుతారు. అవసరమైతే టానిక్ ఆమ్లం పూస్తారు. అది తుప్పుతో కలిసి నీలినలుపు పొరగా మారుతుంది. మన పూర్వులు కరక్కాయతో, అన్నభేదితో సిరా కాచిన రసాయనం ఇదే. ఆపైన పలుచగా మైనం. అంతే.