అనాసపువ్వు మందుకు లొంగని ఫ్లూ

బిర్యానీలో వేసే అనాసపువ్వు ఉంది కదా, దాన్నుంచి తీసే షికిమిక్ ఆమ్లమే టామిఫ్లూకి ముడిసరుకు. 1999లో అమెరికాలో అనుమతి పొందిన మందు ఇది. 2005లో బర్డ్ ఫ్లూ భయం ముదిరినప్పుడు రోష్ కంపెనీ మన హైదరాబాదు హెటెరోకి కూడా తయారీ లైసెన్సు ఇచ్చింది. అప్పటికే పాత మందు అమాంటడీన్‌కి కాలం చెల్లింది. ఇన్‌ఫ్లుయెంజాకి దాన్నిక వాడొద్దని 2006 జనవరిలో సీడీసీ చెప్పేసింది.

కొత్తగా పుట్టిన వైరస్‌లు మన కణాన్ని వదిలి బయటపడాలంటే న్యూరమినిడేజ్ అనే ఎంజైము కత్తెరలా పనిచేయాలి. టామిఫ్లూ ఆ కత్తెరలో అడ్డం పడుతుంది. హెచ్1ఎన్1 వైరస్‌లో 275వ స్థానంలో హిస్టిడిన్ పోయి టైరోసిన్ వస్తే మందు అక్కడ సరిగ్గా కుదురుకోదు. అయితే ఈ మార్పుతో కత్తెర పదునూ తగ్గుతుంది కాబట్టి, అలాంటి వైరస్ కుంటిదనీ, ఎక్కువమందికి పాకలేదనీ చాలాకాలం నమ్మారు.

కానీ కుంటి వైరస్‌కీ ఆశ్రయం దొరికే ఒళ్ళు కొన్ని ఉంటాయి. మందు వైరస్ పెరుగుదలను అణిచిపెడుతుందే తప్ప, పూర్తిగా ఊడ్చిపారేయాల్సింది మన రోగనిరోధక శక్తే. ఎముక మజ్జ మార్పిడి జరిగినవాళ్ళలో, కీమో తీసుకుంటున్నవాళ్ళలో ఆ శక్తి ఉండదు. మనకు వారంలో పోయే ఫ్లూ వాళ్ళలో వారాలు, ఒక్కోసారి నెలల తరబడి తిష్ఠ వేస్తుంది. అన్నాళ్ళూ మందు పక్కనే ఉంటూ పెరిగే వైరస్‌లో దానికి లొంగని రకం పైకి రావడం వింతేమీ కాదు. టామిఫ్లూతో పాటే వచ్చిన పీల్చే మందు జనామివిర్‌కి ఇంకా అనుమతి కూడా రాకముందే, మజ్జ మార్పిడి జరిగిన ఒక పసిబిడ్డలో దానికి లొంగని ఇన్‌ఫ్లుయెంజా బి వైరస్ బయటపడింది. ఆ సంగతి 1998లో అచ్చయింది.

అసలు దెబ్బ మాత్రం ఎవరూ చూడని వైపునుంచి తగిలింది. 2008 జనవరిలో నార్వే హెచ్1ఎన్1 నమూనాల్లో దాదాపు మూడింట రెండొంతులు టామిఫ్లూకి లొంగనివని తేలింది. నార్వేలో ఆ మందు వాడకమే బహు తక్కువ! ఏడాది తిరిగేసరికి అమెరికాలోనూ ఆ రకం హెచ్1ఎన్1 దాదాపు అంతా అదే. మందు విచ్చలవిడిగా మింగినందుకే ఇలా అయిందనే మన అలవాటు వివరణ ఇక్కడ నిలవదు. 2010లో జెస్సీ బ్లూమ్, లిజీ గాంగ్, డేవిడ్ బాల్టిమోర్ దీని గుట్టు విప్పారు. ఆ ఎంజైములో మరికొన్ని మార్పులు ముందే వచ్చి కుంటిని సరిచేసి ఉంచాయట. ఆపైన 275 మారినా వైరస్‌కి నష్టం లేకపోయింది.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చి ఆ పాత హెచ్1ఎన్1ని తుడిచిపెట్టేసింది. కొత్తది టామిఫ్లూకి లొంగేదే. అదృష్టం అనే అనాలి. అయినా ఆ ఆగస్టులోనే సియాటిల్‌లో రోగనిరోధక శక్తి తగ్గిన ఇద్దరిలో అదే 275 మార్పు కనిపించింది. నవంబరులో వేల్స్‌లో, కార్డిఫ్ ఆస్పత్రిలో తీవ్ర జబ్బులున్నవాళ్ళ వార్డులో అయిదుగురికి లొంగని స్వైన్ ఫ్లూ తేలింది. వాళ్ళలో ముగ్గురికి అది ఆస్పత్రిలోనే అంటుకున్నట్టు అధికారులు చెప్పారు. ఊరంతా తిరగలేని వైరస్‌కి ఒక వార్డు చాలింది.

అందుకే ఇలాంటి రోగికి టామిఫ్లూ ఇస్తున్నా వైరస్ తగ్గకపోతే, ముందు ఆ 275వ స్థానాన్నే పరీక్షిస్తారు. అది మారినా జనామివిర్ పనిచేస్తుంది. కాకపోతే అది గట్టిగా పీల్చాల్సిన పొడి. ఊపిరే కష్టమైనవాళ్ళు ఎలా పీలుస్తారు?