ఒకే చీపురు, రెండు జీతాలు

జహీరాబాద్‌లో తెల్లవారకముందే చీపుర్ల చప్పుడు మొదలవుతుంది. హైదరాబాద్–ముంబై హైవే మీద లారీ పోయిన ప్రతిసారీ దుమ్ము లేచి, ఊడ్చిన చోటే మళ్లీ పడుతుంది. కొంగు ముక్కుకు చుట్టుకుని మళ్లీ ఊడుస్తారు. పక్కపక్కన ఊడ్చే ఇద్దరిలో ఒకరు పర్మినెంట్, ఒకరు ఔట్‌సోర్సింగ్ అయితే, పని చూసి ఎవరు ఎవరో పోల్చుకోలేం. జీతం పడ్డ రోజున తెలుస్తుంది.

స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం ఉండాలని రాజ్యాంగం 39(డి) అధికరణంలోనే రాసుకున్నాం. అయితే అది ఆదేశిక సూత్రం. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కోర్టుకెక్కలేం. 1976 నాటి సమాన వేతన చట్టం కూడా ఆడ, మగ తేడా దగ్గరే ఆగింది. ఒకే సర్కారు కింద ఒకే పని చేసే ఇద్దరి సంగతి తేల్చింది 1982లో రణధీర్ సింగ్ కేసు. ఆయన ఢిల్లీ పోలీసు శాఖలో డ్రైవర్ కానిస్టేబుల్. అక్కడ మెట్రిక్ లేని డ్రైవర్ స్కేలు 210–270 రూపాయలు. రైల్వే రక్షణ దళంలో డ్రైవర్‌కు 260–400. తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. 39(డి)ని సమానత్వం గురించిన 14, 16 అధికరణాలతో కలిపి చదివి, ఈ సూత్రానికి ప్రాణం పోశారు. 1986లో సురీందర్ సింగ్ కేసులో కేంద్ర ప్రజాపనుల శాఖ దినకూలీలకూ పర్మినెంట్ వాళ్లతో సమానంగా ఇవ్వాలన్నదీ ఆయనే.

అదే దశాబ్దంలో మన బడుల్లో జరిగింది వేరు. నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను పెట్టుకున్నారు. పాఠం అదే, పిల్లలు వాళ్లే. వాళ్లకు '398 టీచర్లు' అన్న పేరు ఉండిపోయింది. జీతమే మనిషికి పేరైపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తర్వాత అప్రెంటిస్ టీచర్లు, విద్యా వాలంటీర్లు, కాంట్రాక్టు లెక్చరర్లు వరసగా వచ్చారు.

2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం అడ్డదారి నియామకాల క్రమబద్ధీకరణకు గట్టిగా అడ్డుకట్ట వేసింది. పర్మినెంట్ చేయకపోతే పోనీ, చేసిన పనికి జీతమైనా సరిగా ఇస్తారా? 2016 అక్టోబరు 26న జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దానికి జవాబిచ్చింది: అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు ఆ పోస్టు స్కేలులో కనీస మొత్తం ఇవ్వాలి.

ఇక మన జీవోలు చూద్దాం. 2011లో ఔట్‌సోర్సింగ్ కింది తరగతికి 6,700 రూపాయలు. అప్పటి పీఆర్సీలో పర్మినెంట్ ఉద్యోగి కనీస బేసిక్ కూడా సరిగ్గా 6,700. కరువు భత్యం (డీఏ), ఇంటి అద్దె లేకపోయినా బేసిక్ అయినా సమానం. 2016 ఫిబ్రవరిలో తెలంగాణ 12,000 చేసింది. అప్పటికి పర్మినెంట్ బేసిక్ 13,000. 2021లో 15,600, పర్మినెంట్ వాళ్లది 19,000. వెయ్యి తేడా 3,400 అయింది, అదీ జగ్జీత్ సింగ్ తీర్పు వచ్చిన ఐదేళ్లకు.

ఇందులో కిటుకు ఒకటుంది. ఇద్దరికీ పెంచింది 30 శాతమే. 12,000కు 30 శాతం కలిపితే 15,600, లెక్క సరిపోయింది. కానీ పర్మినెంట్ వాళ్లకు ఆ పెంపుతో (ఫిట్‌మెంట్‌తో) పాటు 30.392 శాతం డీఏ కూడా బేసిక్‌లో కలిసింది. డీఏ అన్నదే ఎరగనివాళ్లకు కలపడానికి ఏముంది? ధరలు మాత్రం జహీరాబాద్ అంగట్లో ఇద్దరికీ ఒకటే.

2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులు పర్మినెంట్ అయ్యారు. వాళ్లలో కాలేజీ లెక్చరర్లే ఎక్కువ. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు అందులో చోటు లేదు. మీ యజమాని ఏజెన్సీ కదా అంటారు. కానీ పొద్దున్నే హాజరు వేసేదీ, ఇవాళ ఏ వీధో చెప్పేదీ మున్సిపల్ జవానే.