టెర్మిటోమైసిస్ హైమీ

చెదపుట్టల మీద వానాకాలంలో మొలిచే తెల్లని తినే పుట్టగొడుగు. ఓడోంటోటెర్మిస్ ప్రజాతి చెదలు గూట్లో పెంచుకునే శిలీంధ్రానికి ఇది బయటికొచ్చే ఫలాంగం. ఈ జాతిని కె. నటరాజన్ 1979లో వర్ణించారు. పేరు మాత్రం 1942లో ఈ ప్రజాతిని నెలకొల్పిన ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్‌ది.

గొడుగు నడుమ బొడిపె, కాడకు అంటని తెల్లని రెక్కలు, కాడ చుట్టూ ఉంగరం ఉంటాయి. ఇవి విషజాతుల్లోనూ కనిపిస్తాయి కాబట్టి గుర్తుపట్టడానికి చాలవు. అసలు ఆనవాలు మట్టిలో ఉంది: కాడ వేరులా సన్నబడి చెదల గూటి దాకా దిగుతుంది. పైన తుంచకుండా తవ్వి తీయాలి. కాడ మొదట్లో సంచి ఉంటే అది అమానిటా ప్రజాతి పుట్టగొడుగు కావచ్చు. వాటిలో కొన్నిటి విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఉడికించినా పోదు.

గొడుగును సగం తెల్ల, సగం నల్ల కాగితంపై రాత్రంతా బోర్లిస్తే సిద్ధబీజాల అచ్చు పడుతుంది. గులాబీ రంగు రావాలి. అమానిటాది తెలుపు. ఆకుపచ్చైతే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. దాన్ని తింటే వాంతులు, విరేచనాలు కావచ్చు. వెండి నల్లబడటం, పురుగులు తినడం వంటి పరీక్షలు బొత్తిగా పనికిరావు.